ముక్క సీసాలో పడిన టైము

చి. మేనకోడలిని మావయ్య ఆశీర్వదించి రాయునది.

అమ్మలూ, కాకినాడ ల్యాబులో ఫిష్ పరీక్ష, అదే జన్యువుకి అంటుకుని మెరిసే ప్రోబులతో రొమ్ము క్యాన్సరు గడ్డలో హెర్2 జన్యువు ఎక్కువైందేమో చూసే పని, నీకు అప్పజెప్పారని అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో!

ముందు ఫార్మలిన్ సంగతి, అదే ముక్క కుళ్లకుండా నిలబెట్టే ద్రవం. అమలాపురంలో గడ్డ తీసిన గంటలోపే అది 10 శాతం బఫర్ ఫార్మలిన్‌లో పడాలి. అందులో ఉండేది 6 గంటలకు తగ్గకూడదు, 72 దాటకూడదు. ఒకసారి మాకు ఒక ఆసుపత్రి నుంచి గడ్డను నిలువునా కోయకుండా చిన్న సీసాలో కుక్కి పంపారు. మే నెల, శనివారం బయల్దేరి సోమవారం చేరింది. పైన గట్టిపడింది, లోపల కుళ్లింది. ప్రోబు వేస్తే చుక్క మెరవలేదు. ఆ రోగి పాత బయాప్సీ ముక్క, మైనంలో దాచిన బ్లాకు, దొరకబట్టి గట్టెక్కాం. అందుకే గడ్డ తీసిన టైము, సీసాలో వేసిన టైము ఫారం మీద లేకపోతే వెంటనే ఫోన్ చెయ్యి, మొహమాటపడకు.

రాత్రంతా 37 డిగ్రీల్లో ఉండాల్సిన స్లైడ్లు తుఫాను రోజుల్లో కరెంటు పోతే పాడవుతాయి. యూపీఎస్ సాయంత్రమే చూసుకో. ప్రోబు వేశాక స్లైడుకి వెలుగు తగలనివ్వకు, రంగు వెలిసిపోతుంది.

ఇక లెక్క. ఇమ్యునో పరీక్షలో, అదే హెర్2 ప్రోటీనుకి రంగు వేసి చూసే పరీక్షలో, 2+ వచ్చి ఎటూ తేలనివే ఎక్కువగా నీ దగ్గరికొస్తాయి. నీలం కేంద్రకంలో నారింజ చుక్కలు హెర్2వి, ఆకుపచ్చవి 17వ క్రోమోజోమువి. పక్కన హెచ్ అండ్ ఈ స్లైడు, అదే మామూలు రంగులేసిన స్లైడు, పెట్టుకుని, డాక్టరుగారు గీసిన క్యాన్సరు చోటే చూడు. పాల నాళాల్లోనే ఉండిపోయిన క్యాన్సరు కణాలను లెక్కలో కలపకు. ఒకదానిమీద ఒకటి పడిన కేంద్రకాలు వదిలెయ్యి. ఎర్ర రక్తకణాలు వాటంతట అవే మెరుస్తాయి. రెండు ఫిల్టర్లలోనూ ఒకే చోట, ఒకే ఆకారంలో కనబడితే అది ప్రోబు కాదు. కనీసం 20 కేంద్రకాలు లెక్కపెట్టు. హెర్2 చుక్కలకీ 17వ క్రోమోజోము చుక్కలకీ నిష్పత్తి 2, ఒక్కో కేంద్రకానికి సగటు హెర్2 చుక్కలు 4, రెండూ అందితే పాజిటివ్. ఒకటి అంది ఒకటి అందకపోతే నీ అంకె చెప్పకుండా ఇంకొకరిచేత లెక్కపెట్టించు. హెర్2 మీద పనిచేసే మందు ట్రాస్టుజుమాబ్ ఇవ్వాలా వద్దా అన్నది దీన్నిబట్టే తేలుస్తారు. అవసరమైన మనిషికి అందకపోయినా తప్పే, అక్కర్లేని మనిషి గుండెమీద ఆ మందు భారం వేసినా తప్పే.

బుధవారం అమలాపురం వెళ్తున్నాను. టైము రాసే విషయం థియేటర్ సిస్టర్లతో నేనే మాట్లాడతాను.

ఇట్లు,
మీ మావయ్య