రంగం వెళ్ళిన ముత్తాత

అమ్మాయ్,

మీ ముత్తాత రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళొచ్చిన కథ రాస్తూ నువ్వు పంపిన ముప్ఫై పేజీలూ రాత్రి చదివాను. మొదటి పన్నెండు పేజీల నిండా రెండో ప్రపంచ యుద్ధమే. మీ ముత్తాత పదమూడో పేజీలో వచ్చి, పదిహేనులో పోయాడు. పాపం!

కోపం తెచ్చుకోకు. మా తాత గురించి రాసినప్పుడు నేనూ ఇదే చేశాను. చరిత్ర లైబ్రరీలో దొరుకుతుంది, తాత దొరకడు. దొరికిందే గుమ్మరించేస్తాం.

మీ నాన్నమ్మ మాట ఒకటి చివర్లో ఫుట్‌నోట్‌లో పడేశావు. "విశాఖలో బాంబులు పడిన పది రోజులకి మా అయ్య నడుచుకుంటూ వచ్చాడు, కాళ్ళు వాచిపోయి." నీ కథ అక్కడ మొదలవ్వాలి. విశాఖ మీద బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. రంగూన్ మీద పడింది 1941 డిసెంబర్ 23న. మధ్యలో మూడున్నర నెలలు. అన్నాళ్ళూ ఆయన ఎక్కడున్నాడు? కూలీలకు ఓడ టికెట్ దొరకడం కష్టం. వేలమంది ప్రోమ్ ఊరి మీదుగా అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ వైపు నడిచారు. ఇంకొందరు సరిహద్దు ఊరు తమూ దారిన మణిపూర్ చేరారు. దారంతా కలరా. ఆయనది ఏ దారో నాన్నమ్మని అడుగు. ఊళ్ళ పేర్లు అడిగితే ఆవిడ చెప్పలేకపోవచ్చు. ఏం తిన్నాడో, పక్కన ఎవరు నడిచారో అడుగు. అప్పటికీ తెలియకపోతే తెలియదనే రాయి. ఆయన మనసులో ఏమనుకున్నాడో మాత్రం నువ్వు కల్పించకు.

ఇంకోటి. ఆయన 1928లో వెళ్ళాడన్నావు. అయితే 1930 మే నెలని ఎలా దాటేశావమ్మా? రంగూన్ రేవులో మన తెలుగు కూలీలు సమ్మె చేస్తే, వాళ్ళ బదులు బర్మా వాళ్ళని పెట్టుకున్నారు. సమ్మె తీరి మనవాళ్ళు తిరిగొచ్చేసరికి గొడవలు, చావులు. మనవాళ్ళని అక్కడ 'కోరంగీలు' అనేవారు, మన కోరంగి రేవు పేరుతోనే. ఆయన రేవులో చేశాడా, బియ్యం మిల్లులోనా? ఆ ఒక్కటీ తెలిస్తే ఆ నెల ఆయనకెలా గడిచిందో కొంత అందుతుంది.

మీ అటక మీద బర్మా టేకు పెట్టె ఉందన్నావు కదా. కాళ్ళు వాచి నడిచొచ్చిన మనిషి దాన్ని మోసుకురాలేదు. మరి అది ఇంటికెప్పుడు వచ్చింది?