గరుకు డైమండ్ రాయి పెడితే కత్తి పాడవుతుందా?

మీరు అడిగింది ఇదీ: వంటింటి కత్తిని 1000 గ్రిట్ (రాయి గరుకును చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ) రాయి మీద గంటసేపు నూరినా టమాటా తొక్క తెగడం లేదు, 150 గ్రిట్ డైమండ్ ప్లేటు కొనమని ఎవరో చెప్పారు, అంత గరుకు రాయి పెడితే కత్తి అరిగిపోదా అని. అరుగుతుందండీ. అరగదీయడానికే దాన్ని కొనేది. మీ కత్తికి ఇప్పుడు కావలసిందీ అదే.

నేనూ మీలాగే మొదలుపెట్టాను. మా అమ్మ పన్నెండేళ్లుగా వాడుతున్న స్టీలు కత్తి ఒకటుంది. దాన్ని ప్లాస్టిక్ షార్పెనర్ గాడిలో పెట్టి లాగేవాళ్లం, ఎప్పుడైనా సాన పట్టే అతను సైకిల్ మీద వీధిలోకి వస్తే ఇచ్చేవాళ్లం. వారం రోజులు బాగానే కోసేది, తర్వాత మళ్లీ మామూలే. చివరికి 1000, 3000 గ్రిట్ నీటిరాళ్లు (నీళ్లు పోసి నూరే సానరాళ్లు) కొని రెండు ఆదివారాలు దాని ముందే కూర్చున్నాను. అంచు అద్దంలా మెరిసింది. క్యారెట్ మీద పెడితే మాత్రం సగం దాకా దిగి, టప్‌మని ముక్క విరిగి ఎగిరిపోయింది. అమ్మ ఆ ముక్కను ఫ్రిజ్ కింద నుంచి తీస్తూ, "మెరుపు బాగుందిరా, కోతేదీ?" అంది.

ఆ టప్‌మన్న చప్పుడులోనే అసలు సంగతి ఉంది. కత్తి వెన్ను దగ్గర మందంగా, అంచు దగ్గర పల్చగా ఉంటుంది కదా. నూరిన ప్రతిసారీ అంచు కొద్దికొద్దిగా మందం ఉన్న వైపుకు జరుగుతుంది. ఏళ్ల తరబడి అంచును మాత్రమే నూరి దాని వెనక భాగాన్ని వదిలేస్తే కత్తికి గొడ్డలి ఆకారం వస్తుంది. గొడ్డలి ఎంత పదునుగా ఉన్నా క్యారెట్‌ను చీలుస్తుంది, కోయదు. మా కత్తికి అంచు వెనక మందం కాలిపర్‌తో కొలిస్తే 0.8 మిల్లీమీటర్లు వచ్చింది. అందులో సగం ఉంటే చాలు. అంటే పోయింది పదును ఒక్కటే కాదు, ఆకారం. దాన్ని తిరిగి తేవాలంటే బోలెడంత ఉక్కు తీసెయ్యాలి. 1000 గ్రిట్ రాయిలో ఒక్కో రేణువు సుమారు 15 మైక్రాన్లు. 150 గ్రిట్ ప్లేటులో సుమారు 100. మీరు గంటసేపు చేసిన పని చెంచాతో బావి తవ్వడం లాంటిది.

ప్లేటు మీద ఉండేవి నిజం వజ్రాలేనా అని చాలామంది అడుగుతారు. నిజంవే. కాకపోతే తొలకరి పడగానే వజ్రకరూరు, జొన్నగిరి పొలాల్లో జనం వెతుక్కునే రకం కాదు, ఫ్యాక్టరీలో తయారైనవి. (వజ్రానికి సాన పట్టడం గురించి విన్నాం గానీ, ఇక్కడ వజ్రమే సాన.) ఆ రేణువులను ఉక్కు పలక మీద నికెల్ పూతతో పట్టి ఉంచుతారు. మామూలు రాయి అరిగేకొద్దీ లోపలి నుంచి కొత్త రేణువులు బయటికొస్తాయి, రాయి మధ్యలో గుంట కూడా పడుతుంది. డైమండ్ ప్లేటుకు గుంట పడదు, కానీ దానికి ఉన్నది పైన ఒకే ఒక్క వరస. అది ఊడిపోతే ఇక మిగిలేది ఇనుప పలకే.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. మొదటి ప్లేటు రాగానే, గరుకు రాయి కదా గట్టిగా నొక్కితే త్వరగా అయిపోతుందని ఒళ్లంతా బరువు వేసి రుద్దాను. మొదటి పావుగంట అద్భుతం, నల్లటి ఇనుప రజను కారింది. నాలుగో కత్తికి వచ్చేసరికి ప్లేటు మధ్యలో నున్నగా చెయ్యి జారుతోంది. కొత్త ప్లేటు మొదట్లో మరీ గరుకుగా ఉండి, పైకి పొడుచుకొచ్చిన రేణువులు కొన్ని రాలాక కాస్త నెమ్మదించడం మామూలే. నాది అది కాదు, వజ్రాలను నేనే పెకలించేశాను.

రెండో ప్లేటు కొన్నాక దాన్ని వంటింటి తూకం మీద పెట్టి, నా అలవాటు ప్రకారం కత్తితో నొక్కి చూశాను. మూడు కిలోలు దాటింది! ఇప్పుడు 700, 800 గ్రాములతో మొదలుపెట్టి, చివర్లో 200 దగ్గర ఆపుతున్నాను. పని ఏమీ ఆలస్యం కావడం లేదు. మీరూ ఒక్కసారి తూకం మీద పెట్టి చూసుకోండి, వేళ్లకు ఆ బరువు గుర్తుండిపోతుంది.

ఇక కోణం. డిగ్రీలు కంటికి తెలియవు, ఎత్తు తెలుస్తుంది. మా కత్తి అంచు నుంచి వెన్ను దాకా 45 మిల్లీమీటర్ల వెడల్పు. వెన్నును రాయి మీద నుంచి సుమారు 8 మిల్లీమీటర్లు లేపితే 10 డిగ్రీలు, పదకొండున్నర లేపితే 15. మా పాప చెరిపే రబ్బరు సరిగ్గా 11 మిల్లీమీటర్ల మందం ఉంది, అదే నా కొలబద్ద. మొదట వెన్ను కింద పెట్టి చూసుకుంటాను, చేతికి ఆ వంపు అలవాటయ్యాక తీసేస్తాను.

ముందు 10 డిగ్రీల దగ్గర పట్టుకుని, అంచు వెనక ఉన్న ఆ లావు భాగాన్ని తీయాలి. మొదలుపెట్టే ముందు పర్మనెంట్ మార్కర్‌తో అంచు పక్కన రెండు వైపులా నల్లగా పూయండి. నాలుగు సార్లు రాయి మీద లాగి చూస్తే సిరా ఎక్కడ పోయిందో అక్కడే మీరు నూరుతున్నట్టు. నాకైతే పిడి దగ్గర ఎప్పుడూ సిరా మిగిలిపోయేది, మొన దగ్గర మాత్రం అవసరానికి మించి పోయేది. మొన వైపు వంపు తిరిగేటప్పుడు పిడిని కొంచెం పైకి లేపాలని ఆ సిరా చూశాకే అర్థమైంది. గీతలు దాదాపు అంచు దాకా వచ్చాక, 15 డిగ్రీలకు మార్చి అసలు అంచు పెట్టండి. ఒక వైపు నూరుతుంటే కాసేపటికి అవతలి వైపుకు సన్నని ఉక్కు పొర ఒకటి మడత పడుతుంది, దాన్నే బర్ అంటారు. బొటనవేలిని వెన్ను వైపు నుంచి అంచు వైపుకు జారిస్తే గోరుకు గీరుకుంటున్నట్టు తగులుతుంది. అంచు వెంబడి ఎప్పుడూ జరపకండి. పిడి నుంచి మొన దాకా ఆ బర్ తగిలేంత వరకూ రెండో వైపుకు తిప్పొద్దు, తర్వాతి రాయికి అసలే వెళ్లొద్దు. నూటికి తొంభై మంది ఇక్కడే తొందరపడతారు, నాతో సహా. నాకు మొదటిసారి ఈ గరుకు పనికే యాభై నిమిషాలు పట్టింది, మిగతా రాళ్లన్నీ కలిపి పది నిమిషాలు.

150 మీద ఆపేస్తే మాత్రం అంచు రంపంలా ఉంటుంది, గీతలు లోతుగా పడి ఉంటాయి. 400 డైమండ్ మీద ఆ గీతలు పోయేదాకా, తర్వాత మీ దగ్గరున్న 1000 మీద చేతి బరువు కూడా వెయ్యకుండా పది సార్లు అటూ ఇటూ మార్చి మార్చి లాగితే బర్ పోతుంది. మా అమ్మ కత్తిని ఈమధ్య 400 దగ్గరే ఆపేస్తున్నాను. ఆ సన్నటి పళ్లు టమాటా తొక్కను ఇట్టే పట్టుకుంటాయి, 3000 నునుపు వంటింట్లో ఆమెకు అక్కర్లేదు.

ఇంకో సంగతి. ప్లేటు మీద కొద్దిగా నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు వేస్తే రజను గాల్లోకి లేవదు, వజ్రాల మధ్య ఇరుక్కోదు. నూనె అవసరం లేదు. అయ్యాక కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. కత్తిని సబ్బుతో కడిగాకే కూరగాయల మీద పెట్టండి. వేళ్లు జాగ్రత్త. కత్తి కోసుకుంటే వెంటనే తెలుస్తుంది, ప్లేటు చర్మాన్ని గీకేస్తే తెలియదు. ప్లేటు వాడిన మొదటి ఆదివారం నా చూపుడువేలి కొస దానికి రాసుకుంటూనే ఉందట. సోమవారం ఆఫీసులో బయోమెట్రిక్ మిషన్ మూడుసార్లు నా వేలిని తిప్పికొట్టింది, రిజిస్టర్‌లో సంతకం పెట్టి లోపలికి వెళ్లాను.

కొనడానికి వస్తే, అన్ని గ్రిట్లూ ఉన్న సెట్టు జోలికి పోకండి. 150 లేదా దాని దగ్గరలోది ఒకటి, 400 ఒకటి చాలు, 1000 మీ దగ్గర ఉండనే ఉంది. పొడవు మాత్రం ఎనిమిది అంగుళాలకు తగ్గకుండా చూడండి, చిన్న పలక మీద పెద్ద కత్తి ఊగుతుంది. ఇదే 150 ప్లేటుతో మీ 1000 రాయి మధ్యలో పడిన గుంటను కూడా సమం చేసుకోవచ్చు. రాయి మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, నీళ్లు పోసి, గళ్లన్నీ చెరిగేదాకా ప్లేటుతో రుద్దడమే.

కత్తిపీటకు మాత్రం ఈ ప్లేటు వాడకండి. దాని ఇనుము మెత్తన, అంచు వంపు. ఆకురాయితో రెండు నిమిషాల పని.

మీ కత్తి వెడల్పు ఎంతో కొలిచి రాస్తే వెన్ను ఎంత ఎత్తు లేపాలో లెక్కగట్టి చెబుతాను.