వేడెక్కగానే ఆగిపోతున్న వీడర్

ప్రశ్న: మాది హాలియా దగ్గర పల్లె. బత్తాయి తోటలో గడ్డి తీయడానికి ఏడు హెచ్‌పీ పెట్రోల్ పవర్ వీడర్ వాడుతున్నాం. పొద్దున ఒక్క తాడుకే అందుకుంటుంది, పావుగంట బాగానే నడుస్తుంది, తర్వాత గొంతు మారి ఆగిపోతుంది. కాసేపు నీడకు పెడితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్ మొత్తం మార్చాలని మెకానిక్ అంటున్నాడు. మార్చమంటారా సార్?
– ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: ఇప్పుడే మార్చకండి. అసలు లోపం ఎక్కడుందో ఇంజన్ ఆగిన ఆ రెండు మూడు నిమిషాల్లోనే దొరుకుతుంది. చల్లారాక షాపుకు తీసుకెళ్తే అక్కడ బాగానే నడుస్తుంది, పాపం మెకానిక్ కూడా అంచనాతోనే చెప్పాలి. కాబట్టి ఒక కొత్త స్పార్క్ ప్లగ్ (పెట్రోల్ అంటుకోవడానికి రవ్వ ఇచ్చేది) జేబులో వేసుకుని పరీక్ష తోటలోనే చేయండి.

ఆగిన వెంటనే ట్యాంకు మూత మెల్లగా వదులు చేయండి, దగ్గర్లో బీడీ కూడా ఉండకూడదు. గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చి, ఆపైన తాడు లాగగానే అందుకుంటే తప్పు మూతలోని సన్న రంధ్రానిది. పెట్రోల్ తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి, రాకపోతే పెట్రోల్ కిందికి దిగదు. మన చెలకల ఎర్రదుమ్ముకు పెట్రోల్ తడి తోడైతే ఆ రంధ్రం తేలిగ్గా పూడుకుపోతుంది. మూత కడిగి గాలి కొట్టిస్తే చాలు, అంతేగానీ మూత వదులుగా పెట్టి దున్నొద్దు, వేడి ఇంజన్ మీద పెట్రోల్ చిందుతుంది.

మూత బాగుంటే రవ్వ చూడాలి. పాత ప్లగ్ విప్పకుండా దాని వైరు మాత్రం తీసి కొత్త ప్లగ్‌కు తగిలించి, రబ్బరు పిడి ఉన్న పటకారుతో పట్టుకుని ఇంజన్ ఇనుముకు ఆనించి, ఇంకొకరిని తాడు లాగమనండి. చల్లగా ఉన్నప్పుడు వచ్చిన రవ్వ వేడిలో రాకపోతే ప్లగ్‌కు కరెంటు ఇచ్చే కాయిల్ పోయినట్టే, అప్పుడు కార్బురేటర్ మార్చినా డబ్బు దండగ.

రవ్వ కూడా బాగుందా, అయితే ఆగబోతున్నప్పుడు చోక్ (లోపలికి వెళ్లే గాలిని తగ్గించే మీట) సగం వేసి చూడండి. పుంజుకుంటే ఇంజన్‌కు పెట్రోల్ చాలడం లేదు. అప్పుడైనా ముందు కార్బురేటర్ గిన్నె విప్పి, పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రమున్న జెట్‌కు క్లీనర్ స్ప్రే, గాలి కొట్టించండి. తీగతో పొడిస్తే రంధ్రం పాడవుతుంది. ట్యాంకు కింది జాలీ కూడా కడగాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది, అది తేమ పీలుస్తుంది, నెలల తరబడి నిల్వ ఉంచితే పెట్రోల్ జిగురు కడుతుంది. అందుకే సీజన్ అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపి పక్కన పెట్టాలని నేను గట్టిగా చెబుతాను.

ఇవేవీ కాక, వేడి మీద తాడు మరీ తేలిగ్గా వస్తుంటే వాల్వ్ గ్యాప్ (ఇంజన్ కవాటాల దగ్గర ఉండాల్సిన సన్న సందు) తగ్గిందని అనుమానించాలి, అది మెకానిక్ పనే. సిలిండర్ రెక్కల మధ్య ఇరుక్కున్న గడ్డి, దుమ్ము మాత్రం మీరే తీసేయండి. ఎయిర్ ఫిల్టర్ కూడా చూడండి.

ప్రశ్న: మా కాలేజీ మైదానంలో కూర్చుని నడిపే గడ్డి కోత బండి ఉంది. గుంటల్లో ఎగిరినప్పుడల్లా ఇంజన్ బంద్ అవుతోంది. సీటు కింది వైరు కలిపేస్తే పోతుందంటున్నారు, నిజమేనా?
– మహబూబ్‌నగర్ నుంచి

జవాబు: ఆగడం పోతుంది, కానీ అలా అస్సలు చేయొద్దు. బ్లేడు తిరుగుతుండగా మనిషి కింద పడితే ఇంజన్‌ను ఆపేది ఆ సీటు స్విచ్చే. బండి ఎగిరినప్పుడు మీ బరువు ఒక్క క్షణం లేస్తుంది, స్విచ్ వదులుగా ఉంటే మీరు దిగిపోయారనుకుంటుంది. తాళం చెవి తీసి, సీటు ఎత్తి, వైరు సాకెట్ శుభ్రం చేసి గట్టిగా బిగించండి. సీటు స్ప్రింగ్ విరిగిందేమో చూడండి. అయినా ఆగుతుంటే అదే రకం కొత్త స్విచ్ వేయించండి, ఇంజన్ విప్పాల్సిన పని లేదు.