గేటు మీద తాళంచెవి చప్పుడు: ఈ నెల మీ ఉత్తరాలు

ఈ నెల ఉత్తరాలు, మెసేజీలు అన్నీ ముందేసుకుని కూర్చుంటే ఒకటి అర్థమైంది, జనవరిలో మొదలెట్టినవన్నీ అందరికీ అటకెక్కేశాయి. వాకింగులు, డైట్లు, సిగరెట్ మానడాలు, అన్నీ. అందుకే ఈసారి ఆ బాపతు ప్రశ్నలే తీసుకున్నా. పేర్లు ఎవరివీ వెయ్యట్లేదు, వెయ్యొద్దని మీరే రాశారు కూడా.

అక్కా, నాకు 44 ఏళ్ళు, విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటాం. కిందటి ఆగస్టులో షుగర్ అని తేలింది, పరగడుపున 168, మూడు నెలల టెస్టు 8.1. డాక్టర్ గారు మాత్రలు రాసి రోజూ నడవమన్నారు. ఇప్పటికి ఐదుసార్లు మొదలెట్టా, ఐదుసార్లూ రెండో వారం దాటలేదు. మావారు నీకు విల్ పవర్ లేదంటారు. అత్తయ్యగారు మా కాలంలో ఇవన్నీ ఎక్కడున్నాయమ్మా అంటూనే ఇంకో గరిటె అన్నం వడ్డిస్తారు. నా ఒక్కదానికి వేరే వంట, మిగతా నలుగురికి మామూలు వంట, విసుగొచ్చేసింది. లోపం నాలోనే ఉందా?

లోపం లేదు గీపం లేదమ్మా. ముందు ఆ విల్ పవర్ అనే మాటని ఇంట్లోంచి అవతల పారేయండి. నా సంగతి చెప్తా, నవ్వుకున్నా పర్లేదు. ఆరేళ్ళ కిందట జిమ్ముకి ఏడాది డబ్బులు ఒకేసారి కట్టేశా, డబ్బు పోతుందన్న బాధకైనా వెళ్తాం కదా అని. ఏడాది మొత్తంలో వెళ్ళింది 11 రోజులు, మర్చిపోయిన వాటర్ బాటిల్ తెచ్చుకోడానికి వెళ్ళిన రోజు కూడా కలిపి.

ఆ తర్వాత మా కింద పోర్షన్‌లోకి ఒక పిన్నిగారు దిగారు, అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు, ఒక్కర్తే రోడ్డు దాటాలంటే భయం. పొద్దున్నే లేస్తావా అమ్మాయ్ అని అడిగితే మొహమాటానికి లేస్తానండి అనేశా. మర్నాడు 5:40కి మా గేటు గ్రిల్ మీద తాళంచెవితో టక్ టక్ టక్. పేరు పెట్టి పిలవరు, బెల్ కొట్టరు, ఫోన్ చెయ్యరు, మూడే చప్పుళ్ళు, ఆ తర్వాత అలా నిలబడతారు. పైనుంచి చూస్తే శాలువా, మంకీ క్యాప్, రోడ్డు వైపు చూస్తూ ఆవిడ. అంత పెద్దావిడని చలిలో నిలబెట్టి దుప్పటి ముసుగేసుకుని పడుకోవాలంటే గుండె రాయి చేసుకోవాలి, నావల్ల కాలేదు. నాలుగేళ్ళు నడిచాం అలా. నాకేం విల్ పవర్ వచ్చేసిందని? ఆవిడ నిలబడ్డారు, నేను దిగాను, అంతే.

మీకు కావాల్సింది కూడా అలాంటి మనిషే, మీరు రాకపోతే తన నడక ఆగిపోయే మనిషి. తిట్టే మనిషి కాదు. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు, తిట్టేవాళ్ళుంటే భయంతోనైనా చేస్తాం అనుకుంటారు. మీవారిని తోడు పెట్టుకున్నారనుకోండి, ఒకరోజు మానేస్తే సాయంత్రం దాకా వినాలి, రెండోరోజు వెళ్ళొచ్చానని అబద్ధం చెప్తారు, మూడోరోజుకి అబద్ధం చెప్పడం కూడా విసుగేసి మొత్తం వదిలేస్తారు. ఆయన మంచివారే కావచ్చు, ఆయనకి వేరే డ్యూటీ ఇద్దాం, చెప్తా ఉండండి.

మీకు ఆర్కే బీచ్ దగ్గరే కదా. పొద్దున పూట నడిచేవాళ్ళ కోసం ఆ రోడ్డు మీద బళ్ళు కూడా ఆపేస్తారు, ఊళ్ళో ఇంకెక్కడా దొరకని సుఖం అది. కాళీమాత గుడి దగ్గర ఒక వారం నిలబడి చూడండి, రోజూ అదే టైముకి వచ్చే ఆడవాళ్ళ గుంపులు రెండు మూడు కనపడతాయి, వెళ్ళి కలిసిపోండి. సిగ్గనిపిస్తే మీ అపార్ట్‌మెంట్‌లోనే షుగరో బీపీయో ఉన్నావిడ ఒకరు ఉండకపోరు, ఆవిడ తలుపు కొట్టండి. "మీకు తోడు వస్తా" అనండి, "నాకు తోడు రండి" అనకండి, ఆ చిన్న తేడాకే పని అయిపోతుంది.

దీనికి లెక్కలు కూడా ఉన్నాయండోయ్. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అని ఒక ఊరు, 1948 నుంచి అక్కడి జనం గుండె జబ్బుల సంగతి రాసుకుంటూ వస్తున్నారు. ఆ రికార్డుల్లోంచి 12,067 మందివి, 32 ఏళ్ళవి తీసి 2007లో ఇద్దరు పరిశోధకులు ఒక పేపర్ వేశారు. ఒక మనిషి ఫ్రెండ్ బాగా లావైతే ఆ మనిషి కూడా లావయ్యే అవకాశం 57 శాతం పెరిగిందట, మొగుడూ పెళ్ళాల్లో అయితే 37 శాతమేనట. స్నేహం వల్లే అని ఎలా చెప్తారని ఆ లెక్కలతో పేచీ పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు, అది వేరే గొడవ. తమాషా ఏంటంటే పక్కింటివాళ్ళ ప్రభావం మాత్రం కనపళ్ళేదన్నారు. మా పిన్నిగారు ఆ లెక్కలోకి రారన్నమాట, ఆవిడ మొదటి నెల తర్వాత పక్కింటావిడగా మిగల్లేదు మరి.

ఇక వంట. అసలు రెండు వంటలు ఎందుకు చేస్తున్నారమ్మా? ఇంట్లో నలుగురు ఒకటి తింటూ మీరొక్కరే రొట్టె ముక్కతో పక్కన కూర్చుంటే అది శిక్షలా ఉంటుంది, శిక్షని ఎవరు మాత్రం ఎన్నాళ్ళు భరిస్తారు. వంట ఒక్కటే చేయండి, అందరి కంచాల్లోనూ కొలత మార్చండి. సగం కంచం కూర, అంటే బెండకాయ, బీరకాయ, గోరుచిక్కుడు లాంటివి, ఆలుగడ్డ వేపుడు ఈ సగంలోకి రాదు, ముందే చెప్తున్నా. పావు కంచం పప్పో గుడ్డో చేపో, మిగిలిన పావే అన్నం. ముందు కూర తినేసి అన్నం తర్వాత కలుపుకోండి. అత్తయ్యగారితో వాదన పెట్టుకోవద్దు, ఆ తరానికి వడ్డించడమే ప్రేమ. గరిటె ఆవిడ చేతిలోనే ఉంచి అందులోకి అన్నం బదులు కూర రానివ్వండి, "అత్తయ్యా, ఇంకొంచెం బీరకాయ వెయ్యండి" అని మీరే అడగండి, కాదనరు.

మీవారి డ్యూటీ ఇది: రాత్రి భోజనం అయ్యాక ఇద్దరూ కలిసి 15 నిమిషాలు కాలనీలో ఓ చుట్టు. తిన్నాక కాసేపు నడిస్తే తిన్న తర్వాత ఎగబాకే షుగర్ కొంత తగ్గుతుంది, కండరాలు దాన్ని వాడేసుకుంటాయి కాబట్టి. ఆయన మాట్లాడొచ్చు, షుగర్ గురించి తప్ప. నడక ఎంత అని భయపడొద్దు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు, రోజుకి అరగంట చొప్పున ఐదు రోజులు, అక్కడ మొదలెట్టండి. మీరు వేసుకునే మాత్రలు షుగర్‌ని మరీ కిందకి దించే రకమా అని డాక్టర్ గారిని ఒకసారి అడగండి, అలాంటివైతే నడకకి వెళ్ళేటప్పుడు కొంగున గ్లూకోజ్ బిళ్ళలో కాస్త పంచదారో ఉండాలి, ఒళ్ళు వణికి చెమటలు పడితే నోట్లో వేసుకోడానికి. తోడు వచ్చే ఆవిడకి ఆ సంగతి చెప్పి ఉంచండి. చెప్పులతో వద్దు, బూట్లు వేసుకోండి, ఇంటికొచ్చాక అరికాళ్ళు చూసుకోండి.

పరగడుపు రీడింగ్ రోజూ చూసుకుని ఏడవకండి, ఒక పెళ్ళి భోజనానికే అది మారిపోతుంది. మూడు నెలల టెస్టు చూడండి, మన ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది, అన్నాళ్ళూ దానికి అంటుకున్న చక్కెర లెక్క అది. ఆ కాగితం వచ్చిన రోజు నాకు రాయండి.

అక్కా, 29, హైదరాబాద్, సాఫ్ట్‌వేర్. రోజుకి 8 సిగరెట్లు, అందులో 6 ఆఫీసు కింద టీ బండి దగ్గరే. మానేద్దామని నాలుగుసార్లు ట్రై చేశా. టీ మానలేను, ఆ బ్యాచ్‌ని మానలేను.

ఎందుకు మానడం తమ్ముడూ, టీ తాగు, బ్యాచ్‌తోనే ఉండు, ఒక్క సంగతి మాత్రం మార్చు. రహస్యంగా మానకు. ఐదోసారి కూడా ఫెయిలైతే నవ్వుతారని చెప్పకుండా మొదలెడతావు, వాళ్ళు అలవాటుగా పెట్టె ముందుకి తోస్తారు, నీ చెయ్యి దానంతటదే వెళ్తుంది. వాళ్ళ తప్పేముంది అందులో, వాళ్ళకి తెలీదు కదా. ఒక తేదీ పెట్టుకుని బ్యాచ్‌కి చెప్పెయ్, "నేను అడిగినా ఇవ్వొద్దు" అని. ఎగతాళి చేసేవాడు ఒకడుంటాడు, వాడి పక్కన నిలబడకు. మానాలని లోపల ఉన్నవాడూ ఒకడుంటాడు, వాణ్ణి పట్టుకో.

మొదటి మూడు రోజులు చిరాకు మామూలుగా ఉండదు, ఇంట్లోవాళ్ళకీ చెప్పి ఉంచు, వాళ్ళూ ఎదురు చిరాకు పడకుండా. తాగాలనే తీపరం పుట్టినప్పుడు అది కొన్ని నిమిషాల్లో దానంతటదే తగ్గిపోతుంది, ఆ కాసేపు చేతికి పని కావాలి. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకో, ఇది వినడానికి పిచ్చిగా ఉంటుంది గానీ మా తమ్ముడు దీంతోనే గట్టెక్కాడు, వాడి దగ్గర రెండో చెయ్యి ఖాళీగా ఉంటే చాలు జేబులోకి పోయేది. నువ్వు రోజూ విప్పే పెట్టె మీదే ఒక నంబర్ ఉంటుంది, 1800-11-2356, ఎప్పుడైనా చదివావా? పొగాకు మానాలనుకునేవాళ్ళకి ప్రభుత్వం పెట్టిన ఫ్రీ లైన్ అది. ఫోన్ చెయ్. నికోటిన్ చూయింగ్ గమ్ములు కూడా ఉన్నాయి, ఎన్ని, ఎన్నాళ్ళు అనేది డాక్టర్ని అడిగి తీసుకో.

మేడమ్, మాది నెల్లూరు జిల్లాలో పల్లెటూరు. మా ఆయన తాగుడు మానేసి నాలుగు నెలలైంది. వచ్చే నెల మా ఆడపడుచు కూతురి పెళ్ళి. బంధువులు బలవంతం చేస్తారని భయంగా ఉంది. నన్ను కాపలా కాయమంటారా?

కాపలా కాయకమ్మా, నువ్వు కాపలాదారువైతే ఆయన దొంగ అవుతాడు. మీ జిల్లా వాళ్ళకి నేను చెప్పాలా ఈ సంగతి? కలిగిరి దగ్గర దూబగుంటలో సారా మీద ఆడవాళ్ళు లేచింది ఎప్పుడు, రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకోడానికి ఒకచోట కూర్చోబట్టే కదా. అంతకుముందు ఏ ఇంటి ఏడుపు ఆ ఇంట్లోనే ఉండేది. 1992లో వేలంపాటలు ఆపించారు, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. తర్వాత 1995లో సంపూర్ణ నిషేధం రావడం, 1997లో ఎత్తెయ్యడం, అదంతా వేరే కథ. ఒక్కదానివే మొయ్యకు అని చెప్పడానికే ఇది గుర్తుచేశా.

పెళ్ళికి ముందే మీ ఆడపడుచుతో మాట్లాడు, నీ మొగుడి గురించి ఫిర్యాదులా కాకుండా, "వదినా, మీ అన్న మానేశాడు, మీవాళ్ళల్లో ఒకళ్ళని ఆయన పక్కన పెట్టు" అని. ఆ కుటుంబంలో తాగని మగాడు, వయసులో పెద్దవాడు ఒకాయన ఉంటే చాలు, ఎవరైనా గ్లాసు తెస్తే ఆయనే అడ్డం పడతాడు. రాత్రి మగాళ్ళు డాబా ఎక్కే టైముకి ఆయనకి పని పెట్టించు, వడ్డనలో గానీ, బస్టాండుకి వెళ్ళి చుట్టాల్ని తేవడంలో గానీ.

ఇంకో మాట. ఆల్కహాలిక్స్ అనానిమస్ అని తాగుడు మానినవాళ్ళు కూర్చునే మీటింగులు మన రాష్ట్రాల్లోనూ జరుగుతాయి. అది ఎలా పుట్టిందో తెలుసా, 1935లో అమెరికాలో ఆక్రన్ అనే ఊళ్ళో, తాగుడు మానిన ఒక వ్యాపారి బేరం చెడి హోటల్లో ఒంటరిగా నిలబడ్డాడు, ఒక పక్క బార్, ఒక పక్క ఫోన్. బార్లోకి పోకుండా ఫోన్ దగ్గరికి పోయాడు, ఈ ఊళ్ళో నాలాంటి తాగుబోతు ఇంకెవరైనా ఉంటే మాట్లాడాలి అని వాకబు చేశాడు. ఒక డాక్టర్ దొరికాడు, ఆయనా తాగుబోతే. ఆ ఇద్దరి మాటల్లోంచే ఇదంతా వచ్చింది. మీ ఆయనకి అలాంటి ఒక మనిషి ఫోన్ నంబర్ జేబులో ఉంటే పెళ్ళిలో నీకు సగం దిగులు తగ్గుతుంది. ఇంట్లో ఆడవాళ్ళకి అల్-అనాన్ అని విడిగా ఉంది, అది నీకు.

21 రోజులు చేస్తే అలవాటైపోతుందంటారు నిజమేనా? (వరంగల్ నుంచి డిగ్రీ విద్యార్థి)

కాదు నాయనా. లండన్‌లో 96 మంది మీద చూస్తే సగటున 66 రోజులు పట్టింది, ఒకళ్ళకి 18 అయితే ఇంకొకళ్ళకి 254 దాకా లెక్కకొచ్చింది. మధ్యలో ఒక రోజు తప్పినా కొంప మునగలేదట. 22వ రోజున నీకు కాకపోతే అది మామూలే, నీ రూమ్మేట్‌ని కూడా దింపు.

డాలస్‌లో ఉంటాం. కరీంనగర్‌లో నాన్న ఒక్కరే. రోజూ వాట్సాప్‌లో "వాకింగ్ చేశారా" అని అడుగుతా, చేశానంటారు. చేయట్లేదని పక్కింటి ఆంటీ చెప్తుంది.

మీరు హాజరు తీసుకుంటున్నారు తల్లీ, ఆయన ప్రెజెంట్ సార్ అంటున్నారు. ఆ మెసేజ్ మానేయండి. ఆయనకి పొద్దున 6:30 అయితే మీకు ఎండాకాలంలో రాత్రి 8, చలికాలంలో 7. ఆ టైముకి మీరూ బయటికి నడకకి బయల్దేరి ఫోన్ చేయండి, "నాన్నా, నేను నడుస్తున్నా, ఇక్కడ చీకటి పడుతోంది, ఒక్కదాన్నే, ఇల్లు చేరేదాకా మాట్లాడండి" అనండి. కుర్చీలో కూర్చుని మాట్లాడతారు మొదటి రెండు రోజులు, కూర్చోనివ్వండి. ఆ పక్కింటి ఆంటీకి మాత్రం నిఘా ఉద్యోగం తీసేసి, వాకింగ్‌కి వెళ్ళేటప్పుడు మా నాన్నగారి గేటు తట్టమని చెప్పండి.