టెస్టుకి వెళ్లేలోపు కంటికి గుర్తులు నేర్పు

అమ్మడూ,

ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) వచ్చి 30 రోజులు దాటాయిగా, ఇక కారు డ్రైవింగ్ టెస్టుకి స్లాట్ పెట్టుకోవచ్చు. కానీ రివర్స్ అనగానే నీకు టెన్షన్ వస్తోందని మీ అమ్మ చెప్పింది. మనం కుడివైపు కూర్చుంటాం, కాబట్టి ఎడమ టైరు ఎక్కడుందో సీట్లోంచి ఎవరికీ కనపడదు, ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా గుర్తుల్ని బట్టే పోనిస్తారు.

ముందు సీటు సంగతి చూడు. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగి ఉండాలి, ఎత్తు చాలకపోతే దిండు వేసుకో, కానీ రోజూ అదే దిండు. కూర్చునే ఎత్తు మారితే గుర్తులన్నీ మారిపోతాయి.

ఆదివారం పొద్దున్నే ఖాళీ స్థలానికి ముగ్గు పిండి పట్టుకెళ్లు. ఎడమ టైర్లకి అడుగు దూరంలో పొడుగ్గా ఒక గీత పోసి, సీట్లో ఎప్పట్లాగే కూర్చుని చూడు, ఆ గీత బానెట్‌ని ఎక్కడ తాకినట్టు కనిపిస్తోందో. చాలా కార్లలో ఇంచుమించు బానెట్ మధ్యకి వస్తుంది, నీ ఎత్తుని బట్టి కాస్త అటూ ఇటూ. సరిగ్గా అక్కడ ముందు అద్దం అడుగున ఒక చిన్న బొట్టుబిళ్ల అంటించు. బిళ్ల గీత మీదే ఉండేలా మెల్లగా పోనిచ్చి, ఆపి, దిగి టైరు ఎంత దూరంలో ఉందో చూసుకో. బద్ధకించకుండా ప్రతిసారీ దిగు, కన్ను కుదురుకునేది అప్పుడే. చూపు కుదిరాక బిళ్ల తీసెయ్.

రివర్స్‌కి ఎడమ అద్దాన్ని కాస్త కిందికి వంచు, వెనక టైరు, దాని పక్కన నేల కనపడాలి. స్టీరింగ్ ఎటు తిప్పితే కారు వెనక భాగం అటే పోతుంది. ఎడమ గీతకీ టైరుకీ మధ్య సందు తగ్గిపోతుంటే కుడికి కొంచెం తిప్పు, తిన్నగా రాగానే వెనక్కి తిప్పేసుకో. అంతా హాఫ్ క్లచ్ మీదే, అంటే క్లచ్ సగం తొక్కి ఉంచి, నడక కంటే నెమ్మదిగా. అద్దాలతోనే సరిపెట్టకుండా తల తిప్పి వెనక అద్దంలోంచి కూడా చూడు. రోడ్డెక్కేముందు ఆ ఎడమ అద్దాన్ని మళ్లీ మామూలుగా పెట్టడం మర్చిపోకు.

బెంజ్ సర్కిల్ లాంటి చోట సిగ్నల్ పడితే, ముందు బండి వెనక టైర్లు రోడ్డుకి ఆనిన చోటు నీకు కనపడేంత దూరంలో ఆపు. ఆ బండి మొరాయించినా పక్కకి తీసుకుని వెళ్లిపోవచ్చు.

'వేపచెట్టు రాగానే ఫుల్‌గా తిప్పు' అని ఎవరైనా నేర్పితే మాత్రం వినకు. ఆ చెట్టు టెస్టు ట్రాక్‌లో ఉండదు. నీ గుర్తులు కారు మీదే ఉండాలి, డోర్ హ్యాండిల్, అద్దం అంచు, బానెట్ మధ్య, ఇలాంటివి.

టెస్టుకి ఏ కారు ఇస్తారో డ్రైవింగ్ స్కూల్ వాళ్లని ఇప్పుడే అడుగు. నువ్వు నేర్చుకున్నది కాకపోతే, ముందురోజు ఆ కారులో ఒక గంట కూర్చోనివ్వమని గట్టిగా చెప్పు, వాళ్లు వినకపోతే నాకు ఫోన్ చెయ్, నేనొచ్చి మాట్లాడతాను.

మీ పెదనాన్న
విజయవాడ