ఇండస్ట్రియల్ జోన్‌లో ఉన్న ఖాళీ జాగాలో ఇల్లు కట్టుకోవచ్చా?

హైదరాబాద్‌లో మీ నాన్నగారు కొన్న 600 గజాల ఖాళీ జాగా మాస్టర్ ప్లాన్‌లో ఇండస్ట్రియల్ జోన్ కింద ఉందనీ, నాలా ఫీజు కట్టేశారు కాబట్టి ఇంటికి పర్మిషన్ వస్తుందా అనీ అడిగారు. రాదండీ. ఇదే పొరపాటు మేం 2017లో చేశాం.

నాలా అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతరం చేయడం. అది రెవెన్యూ వాళ్ల పని. జోన్ నిర్ణయించేది హెచ్ఎండీఏ, అంటే హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ. నాలా ఉన్నా మ్యాపులో మీ సర్వే నంబరు ఇండస్ట్రియల్ రంగులోనే ఉంటుంది. మా ఫైలు పెట్టిన కన్సల్టెంటు ఈ తేడా చెప్పలేదు. ప్లాను వెనక్కొచ్చాకే తెలిసింది.

కావలసింది సీఎల్‌యూ, అంటే ల్యాండ్ యూజ్ మార్పు. రిజిస్టర్డ్ దస్తావేజులు, లింక్ డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), సర్వే స్కెచ్ పెట్టి హెచ్ఎండీఏకు దరఖాస్తు చేసుకోవాలి. జాగా చూడటానికి వస్తారు. తర్వాత అభ్యంతరాలుంటే చెప్పమని పేపర్లో ప్రకటన, ఛార్జీలు, చివరికి జీవో. మాకు రెండేళ్లు పట్టింది. ఛార్జీలకు ఇచ్చిన గడువు 30 రోజులే, డబ్బు ముందే సిద్ధంగా ఉంచుకోండి. ఇంకోటి, ఈ మార్పును టైటిల్‌కు రుజువుగా వాడకూడదని జీవోలోనే రాస్తారు. అన్నదమ్ముల మధ్య తగాదా ఏమైనా ఉంటే ముందు అది తేల్చుకోండి.

అన్నిటికన్నా మాకు గట్టిగా తగిలింది బఫర్ షరతు, అంటే ఫ్యాక్టరీ వైపు కొంత జాగా ఖాళీగా వదలాలనడం. మా జాగా బొల్లారం వైపు, 60 అడుగుల వెడల్పు, 120 అడుగుల పొడవు, మొత్తం 800 గజాలు. వెనక గోడకు అవతల ఒక ఫ్యాక్టరీ. తనిఖీకి వచ్చినాయన ముందుగా అడిగింది ఆ గోడ ఎవరిదనే. ఫ్యాక్టరీ వైపు 9 మీటర్లు ఖాళీగా వదలాలని మాకు షరతు పెట్టారు. అంటే 30 అడుగులు. 60 అడుగుల వైపు కాబట్టి 200 గజాలు పోయాయి. అదే ఫ్యాక్టరీ పొడుగు వైపు ఉండుంటే 400 గజాలు, సగం జాగా పోయేది! పక్కన ఏముందో చూడకుండా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి, తీసుకోకండి.

ఇక నీళ్ల సంగతి. జీవో వచ్చిన సంతోషంలో బోరు వేయించాం. మొదటి రోజు పట్టిన బకెట్ తెల్లారి చూస్తే పైన నూనెలాంటి తెట్టు, అడుగున పసుపు మడ్డి. ల్యాబులో టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాలు, లీటరుకు 2,900 మిల్లీగ్రాములు వచ్చింది. తాగునీటికి 500 లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 2,000 దాకా సరిపెట్టుకోవచ్చు. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది, మాకు తెలియని సంగతేం కాదు. అయినా మన జాగాలో అలా ఉండదులే అనుకున్నాం. ఆ నీళ్లతో పిల్లలకు స్నానం చేయించడానికి నాకు మనసొప్పలేదు. బోరుకు మూత పెట్టించి, మున్సిపల్ కనెక్షన్ వచ్చేదాకా పది నెలలు అద్దె ఇంట్లోనే ఉన్నాం. అందుకే చెబుతున్నా, దరఖాస్తు కన్నా ముందు పక్కవాళ్ల బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి ల్యాబుకు పంపండి. కొన్ని వేలతో పోయే పని. అక్కడ పాత షెడ్డు ఏదైనా ఉండేదేమో కనుక్కుని మట్టి కూడా చూపించండి.

మీది ప్రైవేటు పట్టా జాగా అయితేనే నేను చెప్పిన దారి. పారిశ్రామికవాడలో ప్లాటు అయితే 2025 నవంబరులో పారిశ్రామిక భూములను వేరే వాడకానికి మార్చుకోవడానికి ప్రభుత్వం తెచ్చిన హిల్ట్ పాలసీ చూడండి. దాదాపు 9,292 ఎకరాలకు వర్తిస్తుందన్నారు. రిజిస్ట్రేషన్ విలువలో 80 అడుగుల లోపు రోడ్డుంటే 30 శాతం, ఆపైన 50 శాతం ఫీజు పెట్టారు. మీ ఎస్టేటు జాబితాలో ఉందో లేదో ముందు కనుక్కోండి.

మీ జాగా కొలతలు, ఫ్యాక్టరీ ఏ వైపు ఉందో ఇక్కడ రాయండి. బఫర్‌కు ఎన్ని గజాలు పోవచ్చో లెక్కేసి చెబుతాను.