టబ్ చుట్టూ టైల్స్ వేసేముందు

చిరంజీవి రమణకు,

మేస్త్రీని పెట్టకుండా బాత్‌టబ్ చుట్టూ గోడలకీ, పక్కన గట్టుకీ నువ్వే టైల్స్ వేస్తానన్నావని అక్కయ్య ఫోన్‌లో చెప్పింది. సంతోషమే అబ్బయా, భయం కూడా ఉండాది. మోకాళ్ల నొప్పుల మనిషి ఆ గట్టు మీద కూర్చునే కదా కాళ్లు టబ్‌లోకి తిప్పుకోవాల!

గోడలకు తూకం గుండు వేసి చూసుకో. వాటర్‌ప్రూఫ్ పూత ఒక కోటు అడ్డంగా, అది ఆరాక ఇంకోటి నిలువుగా. మూలల్లో మెష్ టేపు. విట్రిఫైడ్ టైల్‌ని సిమెంటు పాలతో అంటించమాక, నీళ్లు పీల్చని టైల్‌కి సిమెంటు పట్టదు. అడెసివే వాడు.

గట్టుకు మాత్రం రసమట్టం బుడగ నడిమికి రాకూడదు. టబ్ వైపు అడుగుకు పావంగుళం వాటం ఉండాల. ఆ వాటం ప్లాస్టరింగ్‌లోనే ఇచ్చి, దాని మీద పూత వెయ్యి. టైల్ ముక్కల బదులు చీమకుర్తి గ్రానైట్ ఒకే పలక వేస్తే నడిమిన అతుకే ఉండదు. గెలాక్సీ అనే అక్కడి నల్లరాయి పాలిష్‌ది వద్దురా, సబ్బునీళ్లు పడితే జారుతుంది. బోరునీళ్ల ఉప్పుచారలు నల్లరాతి మీద కొట్టొచ్చినట్టు కనపడతాయి. తోలులా కొంచెం గరుకుగా ఉండే లెదర్ ఫినిష్ తీసుకుని ముందంచు గుండ్రంగా అరగదీయించు. పలక కింద అడెసివ్ నిండుగా పరుచు, గుల్ల ఉన్నచోట బరువు పడితే రాయి పగులుతుంది.

ఇక అందరూ చేసే తప్పు, నువ్వు చేస్తే ఊరుకోను. టబ్ అంచుకీ టైల్‌కీ మధ్య సందులో వైట్ సిమెంటు కూరేస్తారు. ఆ రోజుకు నున్నగానే ఉంటుంది. టబ్‌లో 150 లీటర్లు పడితే 150 కిలోలు, దాని మీద మనిషి. యాక్రిలిక్ అంచు కొంచెం కిందికి దిగుతుంది, నీళ్లు వదిలితే మళ్లీ లేస్తుంది. గోడ కదలదు, సిమెంటు వంగదు. వెంట్రుకవాసి చీలిక పడుతుంది. స్నానం చేసినప్పుడల్లా ఆ చీలికలో నీళ్లు దిగి, ఇటుక పీల్చుకుని, అవతలి గదిలో రంగు ఉబ్బి రాలుతుంది. అప్పుడు పైపు కారతా ఉందని గోడ తవ్విస్తారు, పైపు బాగానే ఉంటుంది.

అందుకని టైల్‌ని టబ్ అంచుకు ఆనించకుండా 3 మిల్లీమీటర్ల సందు వదులు. టైల్స్ అతుకుల్లో నింపే గ్రౌట్ అందులో పడకుండా టేపు అంటించు. చివర్న సందు తుడిచి, ఆరనిచ్చి, టబ్ నిండా నీళ్లు పెట్టి, అంచు దిగి ఉన్నప్పుడే రబ్బరులా సాగే సిలికాన్ ఎక్కించు. ఒక పగలూ రాత్రీ నీళ్లు వదలమాక. గోడా గోడా కలిసే మూలకీ, గోడా గట్టూ కలిసే చోటికీ సిలికానే. మిగతా అతుకులకు ఎపాక్సీ గ్రౌట్ వెయ్యి, ఉప్పునీళ్లకు అదే ఆగుతుంది.

డ్రైన్ పైపు దగ్గర తీసి పెట్టే తలుపు వదలడం మరిచిపోబాక.

గోడకు స్టీలు కమ్మీ ఒకటి పెట్టించు నాయనా, అక్కయ్య లేచేటప్పుడు పట్టుకోవడానికి. బోల్టు టైల్ దాటి ఇటుకలోకి దిగాల, బిగించేముందు రంధ్రంలో సిలికాన్ నింపు. ఎత్తు నీ అంచనాతో కాదు, అక్కయ్యను గట్టు మీద కూర్చోబెట్టి, చెయ్యి చాపమని, అందినచోట గోడ మీద గుర్తు గీసుకో.

మీ మామయ్య